జీడిపిక్క ఎవరి కోసం?

పలాస పాసింజరు ఎక్కినవాళ్ళకి శ్రీకాకుళం రోడ్డు దాటేలోగా చేతిలో ఏదో ఒక కాగితం పడక మానదు. ఒకటి మోకాళ్ళ నొప్పుల నూనె గురించి, ఒకటి స్థలాల గురించి, ఇంకొకటి లోకం ఎలా పుట్టిందన్న సంగతి గురించి. మొదటి రెండూ నలిపి కిటికీలోంచి పారేస్తాం. మూడోది పారెయ్యడానికి చెయ్యి రాదు. దేవుడి పేరున్న కాగితం కాలికింద పడితే ఏమవుతుందోనన్న శంక, తులసికోట ఉన్న ఇంట్లో పెరిగిన ఆడదానికి యేసు పేరున్న కాగితం మీద కూడా వుంటుంది! అలా పారెయ్యలేక దాచిన చిన్న పుస్తకాలు నా దగ్గర పాతిక దాకా పోగయ్యాయి. తీరిగ్గా కూర్చుని అన్నీ చదివాను. చదివాక, ఇలాంటి వాదాలకి జవాబు చెప్పినవాళ్ళ పుస్తకాలు కూడా వెతికి చదివాను. ఈ నాలుగు మాటలూ ఆ రెండు రకాల పుస్తకాల గురించి.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఆ సంగతి ముందే చెప్పెయ్యడం మర్యాద. అయినా నాస్తికులు రాసిందంతా బాగుందని చెప్పడానికి నేను కలం పట్టుకోలేదు.

అసలు క్రైస్తవం మన ఉత్తరాంధ్రకి వాదంగా వచ్చి, పాటగా నిలిచింది. 1805లో లండన్ మిషన్ తరఫున క్రాన్, డెగ్రాంజెస్ అన్న ఇద్దరు దొరలు విశాఖపట్నంలో దిగి, తెలుగు నేర్చుకుని, సువార్తల్ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. అయిదారేళ్ళలో ఇద్దరూ ఇక్కడే కన్ను మూశారు. వాళ్ళ అనువాదం 1812లో శ్రీరాంపురంలో అచ్చయింది. ఆ తరువాత కెనడా బాప్టిస్టులు వచ్చి బళ్ళూ, ఆసుపత్రులూ పెట్టారు. కానీ జనం నోళ్ళలో నిలిచింది మాత్రం దొరల వచనం కాదు, పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో, వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవుడైన మనిషి. ఆదివారం పూట ఏ చర్చి పక్కనుంచి వెళ్ళినా ఆయన పాట వినబడుతుంది. నాకు నమ్మకం లేకపోయినా ఆ రాగానికి కాళ్ళు ఆగుతాయి.

పాట ఏదీ నిరూపించబూనదు. అందుకని దాన్ని ఖండించేవాడెవడూ లేడు. నేను మీతో పేచీ పెట్టుకునేది పాటతో కాదు, పుస్తకంతో. "దేవుడు ఉన్నాడనడానికి సైన్సు సాక్ష్యం" అని అట్ట మీద వేసుకుని వచ్చిన పుస్తకం తనంతట తానే కోర్టు మెట్లెక్కింది. మెట్లెక్కాక క్రాసు పరీక్షకి నిలబడాలి. "ఇది విశ్వాసానికి సంబంధించిన విషయం, ప్రశ్నించకూడదు" అని అప్పుడు తప్పుకోవడం కుదరదు.

ఈ పుస్తకాలు పాతికా కలిపి పిండితే వచ్చే రసం నాలుగు చుక్కలు. మొదటి చుక్క గడియారం. ఇంగ్లండులో పేలీ అనే మతాచార్యుడు 1802లో రాసిన వాదం ఇది. పొలంలో నడుస్తుంటే గడియారం ఒకటి దొరికింది. అందులో చక్రాలు, స్ప్రింగులు, అన్నీ ఒక పనికోసం అమర్చినట్టున్నాయి. దాన్ని చేసినవాడు ఒకడుంటాడు కదా! మరి గడియారం కన్న ఎన్నోరెట్లు చిక్కయిన కన్ను, పువ్వు, తేనెటీగ, వీటిని చేసినవాడు లేడా? మా పక్కింటావిడ పేలీని చదవలేదు గానీ, ఇదే మాట నాలుగు ముక్కల్లో అనేస్తుంది. "ఇంత లోకం ఉత్తినే అయిపోనాదేటమ్మా? ఎవులో ఒకలు సెయ్యకుండా?"

మంచి ప్రశ్న. దీన్ని వెక్కిరించే నాస్తికులంటే నాకు గిట్టదు. కుర్రతనంలో డార్విన్ కూడా పేలీని చదివి మెచ్చుకున్నవాడే. ఆ ప్రశ్న అంత బాగుంది కాబట్టే దానికి జవాబు వెతకవలసి వచ్చింది.

జవాబుకి లండన్ దాకా పోనక్కరలేదు. ఇదే పాసింజరులో చివరిదాకా కూర్చుని పలాసలో దిగండి. కాశీబుగ్గ వైపు ఏ జీడి ఫ్యాక్టరీలోకి తొంగిచూసినా ఆడవాళ్ళు వరసగా కూర్చుని జీడిపిక్కలు కొడుతూ వుంటారు. వాళ్ళ వేళ్ళు చూడండి. పిక్క తొక్కలో వుండే నూనె అంటి నల్లబడి, చర్మం పెచ్చులూడి వుంటాయి. చేతికి ఏ ఆముదమో, బూడిదో రాసుకుని పని చేసినా పొక్కులు తప్పవు. మన పాయసంలోకి తెల్లగా, వంకర తిరిగి ముద్దొచ్చే పప్పు ఆ వేళ్ళలోంచే వస్తుంది.

"సృష్టిలో ప్రతిదీ మనిషి కోసం ఏర్పాటైనదే" అని నా దగ్గరున్న ఒక పుస్తకంలో వుంది. అరటిపండుకి తొక్క ఎంత సులువుగా వస్తుందో చూశారా అంటాడు రచయిత. (మనం తినే గింజల్లేని అరటి, మనిషే తరతరాలుగా ఏరి నాటుకుని తయారు చేసుకున్నది. అడవి అరటి నిండా గింజలే. సరే, అదలా వుంచండి.) ఆ రచయిత జీడిపిక్క జోలికి పోలేదు. పప్పు మన కోసమే అయితే దాని చుట్టూ చేతులు కాల్చే నూనె ఎందుకు? పలాస ఆడదాని మీద సృష్టికర్తకి ఏం కోపం?

నూనె మన కోసం కాదు, పిక్క కోసం. చెట్టుకి కావలసింది తన గింజ మొలవడం. గింజని కొరికి తినే పురుగుకీ జంతువుకీ నోరు కాలాలి. తొక్కలో ఘాటు ఎక్కువున్న గింజలు తినబడకుండా మిగిలి, మొలిచి, పిల్లల్ని పెట్టాయి. ఘాటు తక్కువున్నవి తినబడ్డాయి. ఇది లక్షల ఏళ్ళు జరిగితే చేతులు కాల్చే తొక్క తయారవుతుంది. ఎవరూ కూర్చుని గీసిన ప్లాను కాదు, మిగిలిందీ మిగలనిదీ అన్న లెక్క అంతే. పైగా ఈ చెట్టు మనది కానే కాదు. బ్రెజిలు నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చారు.

ఇంకా తమాషా సంగతి మన వంటింట్లోనే వుంది. ఆవకాయ రోజుల్లో మామిడికాయ సొన పెదవికి తగిలితే పొక్కుతుందా, లేదా? పాతకాలంలో చాకళ్ళు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి గింజ రసం తగిలినా పొక్కుతుంది. మామిడి, జీడిమామిడి, నల్లజీడి, ఈ మూడూ వృక్షశాస్త్రం ప్రకారం ఒకే కుటుంబం. మూడింటిలోనూ చర్మాన్ని పొక్కించే ఒకే రకం రసాయనాలున్నాయి. ఒక చెట్టు మన దేశానిది, ఒకటి సముద్రాలకి అవతలిది. అయినా ఒక ఇంటి ముక్కుతీరు ముగ్గురు అప్పచెల్లెళ్ళకీ వచ్చినట్టు ఆ పొక్కించే గుణం వచ్చింది. ఎక్కడో వెనక ఒక తల్లి వుందన్నమాట. "ఒకే పనివాడు చేశాడు కాబట్టి ఒకేలా వున్నాయి" అని పుస్తకాలవాళ్ళు అంటారు. అలాగైతే ఆ పనివాడు ఆ గుణాన్ని కొబ్బరికీ, పనసకీ, వరికీ కూడా ఇష్టం వచ్చినట్టు పంచిపెట్టవచ్చు కదా! చుట్టరికం గీత ఎంతవరకు పోతుందో అంతవరకే ఎందుకు పంచినట్టు?

వృక్షశాస్త్రం అనగానే గోరాగారు గుర్తుకు రావాలి. గోపరాజు రామచంద్రరావు 1902లో ఛత్రపురంలో పుట్టారు. అది అప్పటి గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా విడిపోయేదాకా మన చికాకోలు, అదే శ్రీకాకుళం, ఆ జిల్లాలోదే. ఆయన మద్రాసులో బోటనీ ఎమ్మే చదివి, మధురలో అమెరికన్ మిషన్ కాలేజీలో పాఠాలు చెప్పారు. అక్కడ వుండగా, మతం మారితే పైచదువుకి అమెరికాలో యేల్ యూనివర్సిటీకి పంపుతామన్నారు కాలేజీ పెద్దలు. అప్పటికి ఆయన నాస్తికుడు కూడా కాదు, అయినా వద్దన్నారు. తరువాత 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో నాస్తిక భావాల వల్ల ఉద్యోగం పోయింది. అంటే ఒక మతం ఆశ చూపింది, ఇంకొకటి అన్నం తీసింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తేగాని, ఆయన రాతల్లో అంత పట్టుదల ఎందుకుందో అర్థం కాదు.

రెండో చుక్క భూమి వయసు. దీని మీద ఎక్కువ కాగితం ఖర్చు చెయ్యను. పదిహేడో శతాబ్దంలో అషర్ అనే బిషప్పు బైబిల్లోని వంశావళులు లెక్కగట్టి, క్రీస్తు పూర్వం 4004లో లోకం పుట్టిందన్నాడు. మన తూర్పు కనుమల రాయికి ఖోండులనే గిరిజనుల పేరు మీద ఖోండలైటు అని పేరు పెట్టారు. కోణార్క గుడి ఆ రాతితోనే కట్టారు. అది ఈ రూపానికి వచ్చి వంద కోట్ల ఏళ్ళు కావచ్చిందని భూగర్భశాస్త్రజ్ఞులు తేల్చారు. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు. 4004 లెక్కని క్రైస్తవుల్లో కూడా అందరూ నమ్మరు. 1950లోనే పన్నెండవ పయస్ పోపు పరిణామవాదాన్ని చర్చించడానికి అభ్యంతరం లేదన్నాడు. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ మఠంలో సన్యాసి. కాబట్టి "క్రైస్తవులంతా ఇంతే" అని కొందరు హేతువాదులు రాసేది ఉత్త అన్యాయం.

మూడో చుక్క దగ్గర మాత్రం నేను ఆగుతాను. "దేవుడి భయం లేకపోతే మనిషి మంచిగా ఎందుకుంటాడు?" ఈ ప్రశ్న ముందు సైన్సు పుస్తకాలు నోరెత్తవు. రస్సెల్ 1927లో లండన్‌లో "నేనెందుకు క్రైస్తవుణ్ణి కాను" అని ఉపన్యాసమిచ్చాడు. ఎంత చమత్కారం! కానీ సభలో చప్పట్లు కొట్టించుకోవడం వేరు, ఆడపిల్ల పెళ్ళి చెయ్యవలసిన ఇంట్లో నాస్తికంగా బతకడం వేరు. నాకైతే రస్సెల్ కన్న మన విజయనగరం ఆడపడుచే మంచి జవాబు.

సరస్వతిగారు 1912లో విజయనగరంలో, ఆచారం పాటించే ఇంట్లో పుట్టారు. పదేళ్ళకి గోరాతో పెళ్ళి. గర్భంతో వుండగా గ్రహణం నాడు బయటికి వచ్చి నిలబడ్డారు. ఏం జరుగుతుందో చూద్దామనే. ఏమీ జరగలేదు, బిడ్డ బాగానే పుట్టింది. చాలామంది దీన్ని సాహసం అంటారు. నాకు ఇది సాహసం కన్న ప్రయోగం అనిపిస్తుంది. మీసాలున్న పండితులు "పదార్థం ముందా, చైతన్యం ముందా" అని కొట్టుకుంటుంటే, ఓ చిన్నపిల్ల తన ఒళ్ళే పరీక్షనాళిక చేసుకుంది. తరువాత ఇల్లు విడిచి, కులం విడిచి, 1940లో ముదునూరులో, 1947 నుంచి విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రం నడపడంలో ఆమె ఎక్కడా వెనక నడవలేదు. స్వాతంత్ర్య పోరాటంలో చంటిబిడ్డతో జైలుకి వెళ్ళారు. 2006లో పోయేదాకా పని చేశారు. ఆమె ఆత్మకథ "గోరాతో నా జీవితం" పేరు చూసి నేను మొదట ముఖం చిట్లించాను. "నా జీవితం" అంటే చాలదా! కాని దేవుడు లేని ఇంట్లో కూడా మొగుడి పేరు ముందు రావడం అన్నది ఆ తరం ఆడవాళ్ళ కథలో భాగమే కాబోలు.

వాళ్ళ పెద్దమ్మాయి మనోరమ పెళ్ళి ఇంకో జవాబు. హరిజన యువకుడితో పెళ్ళి, సేవాగ్రాంలో చేయిస్తానని గాంధీగారు మాట ఇచ్చారు. ఆస్తికులలో ఆస్తికుడాయన. అయినా వీళ్ళ నమ్మకాన్ని మన్నించి, ప్రమాణంలో దేవుడి పేరు తీసి సత్యం అన్న మాట పెట్టడానికి ఒప్పుకున్నారు. పెళ్ళి నాటికి ఆయన లేరు. 1948 మార్చిలో సేవాగ్రాంలోనే జరిగింది. గోరాగారి "యాన్ ఎథీయిస్ట్ విత్ గాంధీ" (1951) చదివితే, వాదించుకునే ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఎంత మర్యాదగా వినవచ్చునో తెలుస్తుంది. ఆ పాతిక పుస్తకాల్లో ఒక్కదానికైనా ఆ గుణం వుంటే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదేమో.

మంచితనం ప్రశ్నకి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం బాపట్ల దగ్గర స్టువార్టుపురం. దొంగలని ముద్రవేసిన కుటుంబాలని అక్కడ చేర్చి, 1913 ప్రాంతంలో తెల్ల ప్రభుత్వం ఆ సెటిల్‌మెంటుని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చింది. దేవుడి పేరుతో వాళ్ళు పని చేశారు. 1970ల్లో అదే వూళ్ళో గోరా కొడుకు లవణం, కోడలు హేమలత సంస్కరణ పని చేశారు, దేవుడి పేరు లేకుండా. హేమలత ఎవరనుకున్నారు? క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మహాకవి జాషువాగారి అమ్మాయి. అదే వూరు, అదే జనం. ఒకసారి బైబిలు పట్టుకున్నవాళ్ళు వచ్చారు, ఒకసారి ఏమీ పట్టుకోనివాళ్ళు వచ్చారు. మంచి చెయ్యడానికి దేవుడు తప్పనిసరి అయితే రెండోవాళ్ళకి కాళ్ళు ఎలా ఆడాయి?

మిషన్ ఆసుపత్రుల మాట నన్నడగండి. ఎంతమంది తల్లులు అక్కడ సుఖంగా పురుడు పోసుకున్నారో! వాళ్ళ రుణం తీరదు. కాని డాక్టరమ్మ చేతి చలువకి కృతజ్ఞత వేరు, ఆవిడ నమ్మినది నిజం కావడం వేరు. ఆ పుస్తకాలవాళ్ళు ఈ రెండిటినీ ఒకే ముడి వేస్తారు. నాస్తికులు కొందరు ముడి విప్పే ఓపిక లేక, కృతజ్ఞతని కూడా తెంపేస్తారు.

నాలుగో చుక్క, "సైన్సుకి తెలియనిది ఎంతో వుంది కదా, అక్కడ దేవుడున్నాడు" అన్నది. ఉద్దానం సంగతి మీకు తెలుసు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస ఊళ్ళలో కొబ్బరితోటల నీడన మూత్రపిండాలు పాడై మనుషులు పోతున్నారు. షుగరు లేదు, రక్తపోటు లేదు, అయినా కిడ్నీ పోతుంది. నీళ్ళా, మట్టా, ఎండలో పనా, పురుగుమందులా అని పరిశోధకులు ఏళ్ళ తరబడి చూస్తున్నారు. ఇదీ కారణం అని ఇంకా తేలలేదు. ఇలాంటి చోట దేవుడి చిత్తం అన్న మాట ఎంత ఓదార్పో నేనెరగనిది కాదు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి మొగుణ్ణి తీసుకుపోయే ఇల్లాలి దగ్గర ఆ మాట లాక్కోవడానికి నేనెవర్తిని? కాని ఆ మాటతో అందరూ తృప్తి పడి వుంటే బావినీళ్ళు సీసాలో పట్టి ఎవరూ లాబొరేటరీకి పంపేవారు కాదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండువందల పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అవి "తెలియదు" అన్న మాట మీద కట్టిన గోడలు. "ఎప్పటికీ తెలియదు" అన్న మాట మీద ఏదీ కట్టలేం.

ఇక నాస్తికుల పుస్తకాల లోపం చెప్పాలి. వీళ్ళకి వినే ఓపిక తక్కువ. వెలుగు తెచ్చామన్న ధీమాలో, చీకట్లో కూర్చున్నామె ఎందుకు కూర్చుందో అడగరు. హాల్డేన్ అనే జీవశాస్త్రజ్ఞుడు మాత్రం వేరు. ఆర్నాల్డ్ లన్ అనే క్రైస్తవవాదితో ఆయన ఉత్తరాల్లో వాదించుకున్నాడు. మంచుకొండల మీద జారే ఆటలో లన్ మొనగాడట! ఆ ఉత్తరాలు "సైన్స్ అండ్ ది సూపర్‌నేచురల్" అని 1935లో పుస్తకమయ్యాయి. ఇద్దరి ఉత్తరాలూ వున్నాయి కాబట్టి పాఠకురాలు తానే తీర్పరి కావచ్చు. ఈ పద్ధతే నాకు నచ్చింది. సృష్టిని చూసి సృష్టికర్త గురించి ఏం తెలుసుకున్నారని ఎవరో అడిగితే, ఆయనకి పెంకుపురుగులంటే మహా ఇష్టమని తెలుస్తోందన్నాడని చెప్పుకుంటారు. ఇప్పటికి పేర్లు పెట్టిన పెంకుపురుగుల జాతులే మూడున్నర లక్షల పైచిలుకు మరి. ఈయన ఇంగ్లండు వదిలి మన దేశం వచ్చి, 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో పోయాడు. ఆయన కోరినట్టే దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ విద్యార్థులకిచ్చారు. భువనేశ్వరం నుంచి కాకినాడకి దారి మన ఇచ్ఛాపురం, పలాస మీదుగానే కదా!

ఈ గొడవంతా క్రైస్తవులదే, మనకెందుకు అనుకునే వాళ్ళకి ఒక మాట. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెసులో, సాక్షాత్తూ మన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలరుగారే, కౌరవులు టెస్టుట్యూబు బిడ్డలనీ, దశావతారాలు డార్విన్ కన్న మెరుగైన సిద్ధాంతమనీ సెలవిచ్చారు. పాసింజరులో కాగితం పంచే పేద పాస్టరు చేతిలో మైకు లేదు, ఈయన చేతిలో వుంది. గాంధారి కుండల కథ నాకు చాలా ఇష్టం. నవలలు రాసేదాన్ని, కథ విలువ నాకు తెలుసు. కథని లాబొరేటరీ రికార్డు చేస్తే రికార్డు ఎలాగూ నిలవదు, కథ కూడా పాడవుతుంది.

2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసింది. పన్నెండులో వుంది కదా అన్నారు. పన్నెండులో అది బయాలజీ తీసుకున్న వాళ్ళకి. పదోతరగతి కాగానే "ఆడపిల్లకి ఇంతకన్న ఎందుకు" అని ఆర్ట్సులోనో, కామర్సులోనో పడేసే పిల్లల మాటేమిటి? నేనూ అలా ఆర్ట్సులో పడ్డదాన్నే. అయితే పదిలో మా సైన్సు మాస్టారు చెప్పిన జిరాఫీ మెడ కథ నాకు దక్కింది. అది కూడా దక్కని పిల్ల రేపు తల్లి అవుతుంది. దాని కొడుకు జీడిపిక్క పట్టుకుని "అమ్మా, ఇది ఎందుకు చెయ్యి కాలుస్తుంది?" అని అడుగుతాడు. అప్పుడు ఆ పిల్ల చేతిలో వుండేది పాసింజరు రైల్లో ఇచ్చిన పుస్తకం ఒక్కటే. తెలుగులో దాని పక్కన పెట్టడానికి, అంత చవగ్గా, అంత సులువుగా, రైల్లో చదువుకోదగ్గ ఇంకో పుస్తకం కోసం విజయనగరంలో నాలుగు షాపులు తిరిగాను. పోటీపరీక్షల గైడ్లు చూపించారు.